కాకి దాచిన గింజ

మా ఇంట్లో వేరుశెనగ గింజ ఉండదు. ఇదెంత పెద్ద మాటో తెలుగువాళ్ళకే తెలుస్తుంది. ఇడ్లీలోకి ఆ చట్నీ లేదు, పులిహోరలో గుళ్ళు లేవు, గుత్తివంకాయలోకి ఆ పొడి లేదు. మా ఆయన తెలంగాణ మనిషి, పల్లీలంటాడు. పెళ్ళికి ముందు ఉడకబెట్టిన పల్లీలు లేకుండా వానాకాలం సాయంత్రం గడిచేది కాదట ఆయనకి. ఏ పేరు పెట్టి పిలిచినా ఆ వస్తువు మా గడప దాటదు. మా పాపకి రెండేళ్ళప్పుడు ఏదో పుట్టినరోజులో ఎవరో ముద్దొచ్చి, గోరంత వేరుశెనగ అచ్చు ముక్క నోట్లో పెట్టారు. చూస్తుండగానే మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి తీస్తుంటే గొంతులోంచి ఈల వచ్చింది. ఆ ఈల నేను చచ్చేదాకా మర్చిపోను.

అప్పట్నుంచి నేనొక పోలీసుని. కేకు డబ్బా మీద అక్షరాలన్నీ చదివేదాకా పిల్లని పార్టీలో కూర్చోనివ్వను. స్కూల్ ఆఫీసులో ఒక అలర్జీ పెన్, పాప బ్యాగులో ఒకటి, నా హ్యాండ్‌బ్యాగులో ఒకటి. తొడకి ఆనించి నొక్కితే మందు లోపలికి పోయే పెన్ అది. పాపకి మాటలొచ్చాక పట్టుబట్టి తెలుగులో నేర్పిన వాక్యం ఒక్కటే, "ఇందులో పల్లీలున్నాయా?" అని. మిగతావన్నీ ఇంగ్లీషులోనే చెబుతుంది, ఇది మాత్రం ఆంటీలందరికీ అర్థమయ్యేలా తెలుగులో అడుగుతుంది. గుళ్ళో ప్రసాదం పెట్టే పంతులుగారిని కూడా వదల్లేదు. ఆయన నవ్వి, లేవు తల్లీ అని, దోసిట్లో పెట్టేముందు వంటవాడిని ఇంకోసారి అడిగొచ్చారు.

మేముండేది కెనడాలో, వాంకూవర్ పక్కనున్న బర్నబీలో. అపార్ట్‌మెంట్ ఎదురుగా రోడ్డు, రోడ్డు దాటితే పాప స్కూలు. రెండో తరగతి. వాళ్ళ టీచరు నడివయసు మనిషి, గొంతు పెంచడం రాదు ఆవిడకి. అంతకుముందు ఏడాది పర్యావరణం పాఠమని ఇంకెవరో పిల్లలకి కరిగిపోతున్న మంచు, ఎముకలు తేలిన ఎలుగుబంటి వీడియోలు చూపించారు. పిల్లలు ఇళ్ళకొచ్చి ఏడ్చారు. మా పాప కొన్నాళ్ళు ఫ్రిజ్ తలుపు తెరిస్తే ఒప్పుకునేది కాదు, ఎలుగుబంటి చచ్చిపోతుందని. నాకు ఒళ్ళు మండింది. భయపెడితే వచ్చే బుద్ధి ఎన్నాళ్ళుంటుంది?

ఈ టీచరు పద్ధతి వేరు. సస్టెయినబిలిటీ అని పేరైతే పెద్దదే పెట్టారు గానీ, మా అమ్మ భాషలో చెప్పాలంటే రేపటికి కొంచెం మిగల్చడం. నెలకొక ఇంటివాళ్ళు వచ్చి తమ ఇంట్లో చెప్పుకునే పిల్లల కథ ఒకటి చెప్పాలి. ఉపన్యాసం ఉండదు. కథ అయ్యాక చేత్తో చేసే పని ఒకటి ఉంటుంది. ఒక పంజాబీ బామ్మ చిరుగుల బొంత కథ చెబితే పిల్లలు పాత చొక్కాలు తెచ్చి కుట్టుకున్నారు. ఒక చైనీస్ తాత వానపాము కథ చెబితే తొక్కలన్నీ పోగుచేసి ఎరువు పెట్టెలో వేశారు. ఇంటికొచ్చి మమ్మల్ని ఒక్క తొక్క కూడా పారెయ్యనివ్వలేదు, అన్నీ ఆ పెట్టెకే కావాలని.

మా వంతు వచ్చినప్పుడు నేను చెబుతానన్నాను. పాప ససేమిరా అంది. నేను కథ మొదలెడితే చివరికి తిట్లలోకి దిగుతానట. పోనీలే, నిజమే. అప్పుడు మా పైఅంతస్తు అంకుల్ గుర్తొచ్చారు. గుంటూరు వైపు మనిషి, సివిల్ ఇంజనీరు. ఈ దేశం వచ్చి వంతెనలు కట్టి రిటైరయ్యారు. ఆంటీ పోయి రెండేళ్ళు కావస్తోంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పాపని చంకనేసుకుని బిల్డింగంతా తిప్పింది ఆ తల్లే. అంకుల్‌తో మాత్రం పాప తెలుగులోనే మాట్లాడాలి, లేకపోతే ఆయనకి వినపడనట్టు కూర్చుంటారు. స్కూల్లో అడుగుపెట్టాలంటే క్రిమినల్ రికార్డ్ చెక్ కావాలంటే, ఈ వయసులో నేనేం దోచాననమ్మా అంటూనే అప్లై చేశారు.

ఆ రోజు నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. ఆయన చెప్పింది ఆంటీ ఎప్పుడూ చెప్పే కథే. ఒక ముసలమ్మ తినేముందు మొదటి ముద్ద తీసి కాకికని గోడమీద పెట్టేది. మనకే కరువైతే కాకికి విందేమిటని ఊరు నవ్వేది. ఊరివాళ్ళు చెట్లన్నీ కొట్టి అమ్ముకున్నారు. నీడ పోయింది, తర్వాత నీళ్ళు పోయాయి. అంతా మూటలు సర్దుకుంటుంటే కాకి వచ్చి ముసలమ్మ గోడమీద ఒక గింజ పెట్టి పోయింది. ఆవిడ దాన్ని పాతి, తాను తాగే నీళ్ళలో సగం పోసింది. వండినదంతా మనదే అనుకున్నవాడికి చెట్టు మిగలదు పిల్లలూ, అన్నారాయన, పిల్లలకి అర్థమయ్యే ఇంగ్లీషులోకి దిగి. ఆ గింజ ఎలా ఉంటుందని ఒక పిల్ల అడిగింది. కాకి తెచ్చినప్పుడే తెలుస్తుంది, అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కొంచెం ఎక్కువే కొట్టాను, మనవాడన్న గర్వంతో.

పని కింద టీచరు ఇచ్చింది లంచ్ బాక్సులో వదిలేది తగ్గించడం. పక్షులకి మాత్రం తిండి పెట్టకూడదని ఆవిడ స్పష్టంగానే చెప్పారు. ఏడేళ్ళ పిల్లలకి కథ వినపడింది, రూల్ వినపడలేదు. మా ఊళ్ళో అసలే చలికాలం సాయంత్రాలు ఆకాశమంతా కాకులే, నగరం నలుమూలల నుంచీ వచ్చి ఇక్కడే నిద్రపోతాయి. పిల్లలు బ్రెడ్ అంచులు తుంచి స్కూల్ కంచె మూల సీడర్ చెట్టు కింద పెట్టడం మొదలెట్టారు. టీచరు చూసి మాన్పించారు. పెట్టడం మానారు గానీ, గింజ కోసం చూడటం మానలేదు. మా పాప రోజూ ఆటవిడుపు వేళ ఆ చెట్టు కింద నిలబడేదట. ఇంటికొచ్చి నాకు చెప్పేది, ఇవాళ కూడా ఇవ్వలేదు అని. నేను లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా, రేపిస్తుందిలే అనేదాన్ని.

నవంబరు చివర్లో ఒక మధ్యాహ్నం స్కూల్ వదిలే వేళకి వెళ్ళాను. వాన తుంపర. పాప సీడర్ చెట్టు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది, కుడి పిడికిలి గట్టిగా మూసుకుని. మొహం వెలిగిపోతోంది. కాకి నాకే ఇచ్చిందమ్మా, అంది ఇంగ్లీషులో. ఆటస్థలంలో పరిచిన చెక్కపేళ్ళ కింద నా కోసం దాచి వెళ్ళిందని చెబుతూ పిడికిలి విప్పింది. నడుము సన్నగా, ఒంటిమీద గీతలతో, సగం పగిలిన వేరుశెనక్కాయ. పక్కన ఎర్రటి పొట్టుతో గింజ.

దాని చేతిలోంచి కాయ కొట్టి పారేశాను. అది బిత్తరపోయి చూసింది. అప్పుడు కనపడింది, కింది పెదవి ఒక పక్క లావెక్కింది. గడ్డం కింద ఎర్రగా దద్దుర్లు. గింజ రాలేదని కాయని పళ్ళతో కొరికి తీసిందట. "నేను తినలేదమ్మా, పాతుదామని," అంటూ దగ్గింది. ఆ దగ్గు వెనకాలే వచ్చింది ఈల.

కాళ్ళూ చేతులూ ఆడలేదంటారే, అబద్ధం. ఆడాయి, నా ప్రమేయం లేకుండా ఆడాయి. బురదలోనే పడుకోబెట్టాను, బ్యాగు దులిపాను, పెన్ మూత పీకి ప్యాంటు మీంచే తొడకి నొక్కిపట్టాను. టీచరు పరుగెత్తుకొచ్చి మోకాళ్ళ మీద కూలబడి 911కి ఫోన్ చేస్తున్నారు. ఆవిడ గొంతు మొదటిసారి పెరగడం విన్నాను. చుట్టూ పిల్లలు గొడుగులు పట్టుకుని నిలబడిపోయారు. పాప కళ్ళు నా మొహమ్మీదే ఉన్నాయి. ఊపిరి లాగుతోంది, లాగినదంతా లోపలికి పోవడం లేదు. దేవుడా దీన్ని వదిలెయ్, దీని బదులు నన్ను తీసుకో అని పైకే అన్నాను. తెలుగులో అన్నాను కాబట్టి పాపకి అర్థం కాలేదనుకున్నా. అయిందని, ఆ రాత్రి నా చెయ్యి పట్టుకుని నువ్వు పోవద్దమ్మా అన్నప్పుడు తెలిసింది.

అంబులెన్సులో ఇంకో డోసు వేశారు. ఈల తగ్గి మామూలు ఏడుపు వచ్చింది, ఏడుపంత తీపి శబ్దం ఇంకోటి లేదు. హాస్పిటల్లో పొద్దుపోయేదాకా ఉంచి చూశారు. డాక్టరు ఒక మామూలు ప్రశ్న అడిగింది, పాప వేరుశెనక్కాయని ఎప్పుడైనా చూసిందా అని. నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. ఇంట్లోకి రానివ్వని వస్తువుని దానికెక్కడ చూపిస్తాం? పేరు తెలుసు, ప్రమాదం తెలుసు, రూపం తెలీదు. పీనట్ బటర్ జార్ బొమ్మ చూసిందంతే. డొప్పతో ఉన్న ఆ కాయ దానికి గింజే, కథలో గింజ.

మర్నాడు స్కూలువాళ్ళు ఆటస్థలమంతా జల్లెడ పట్టారు. చెక్కపేళ్ళ కింద, స్లైడ్ కాళ్ళ దగ్గర, చెట్టు మొదట్లో, ఎక్కడ తవ్వితే అక్కడ వేరుశెనక్కాయలు. కాకి తిన్నంత తిని మిగతాది దాచుకుంటుందని అప్పుడు తెలిసింది నాకు. చుట్టుపక్కల ఎవరో పెడుతున్నారు, కాకులు తెచ్చి ఇక్కడ పాతిపెడుతున్నాయి. ప్రిన్సిపాల్ చుట్టుపక్కల బిల్డింగులకి నోటీసులు పంపి, కథల కార్యక్రమం ఆపేశారు. టీచరు నాకు ఫోన్ చేసి ఏడ్చేశారు. కథ వల్లే జరిగిందని ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు అన్నారట. నాకు కథ మీద కోపం లేదు. పెట్టినవాళ్ళు దొరికితే మాత్రం నమిలి మింగేద్దును.

పాప వారం ఇంట్లోనే ఉంది. సాయంత్రం కాకులు వెళ్ళే వేళకి కిటికీ తెర వేసి, దుప్పటి నెత్తిమీదకి లాక్కునేది. కాకికి నా మీద కోపమా అని ఒకసారి అడిగింది. కాదన్నాను. మరి అందరిలో నాకే ఎందుకిచ్చింది అంది. నేను దుప్పటి సర్ది దాని పక్కనే పడుకున్నాను.

దొంగ ఇంట్లోనే దొరికాడు. ఒక ఉదయం చెత్త పారేయడానికి కిందికి దిగి, యథాలాపంగా తలెత్తాను. మా పైన బాల్కనీ పిట్టగోడ మీద కాకులు వరసగా కూర్చున్నాయి. ఒక ముసలి చెయ్యి బయటికొచ్చి పిట్టగోడ మీద ఏదో పేర్చింది. ఒక కాకి ముక్కున కరుచుకుని లేచింది. రోడ్డు దాటి, కంచె దాటి, సీడర్ చెట్టు కింద దిగింది.

చెత్తసంచి అక్కడే వదిలేసి మెట్లెక్కాను. లిఫ్ట్ కోసం ఆగే ఓపిక లేదు. ఆ నాలుగు అంతస్తులూ నేను కూడగట్టుకున్న మాటలు రాస్తే ఇది అచ్చుకి పనికిరాదు. మా ఇంట్లో భోంచేస్తారు, మా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు, అన్నీ తెలుసు, తెలిసీ ఇంత పని చేస్తారా. తలుపు తీసిన మనిషి చేతులు తడిగా ఉన్నాయి, సబ్బు వాసన వస్తోంది. రా అమ్మా, పాపెలా ఉంది అన్నారు. హాస్పిటల్‌కి ఆయనా వచ్చారు, కారిడార్‌లో కూర్చుని మా ఆయన భుజం వదల్లేదు.

"అంకుల్, మీరు పెట్టే కాయలు కాకులు తినట్లేదు. తీసుకెళ్ళి మా పిల్ల ఆడుకునే చోట దాస్తున్నాయి," అన్నాను. తిట్లన్నీ ఎక్కడికి పోయాయో, ఇంతే వచ్చింది.

ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. బాల్కనీ వైపు చూశారు, రోడ్డవతల స్కూలు వైపు చూశారు, కుర్చీ తడుముకుని కూలబడ్డారు. నోటీసు వచ్చిందట, చదివారట, అది తనకి సంబంధించిందన్న ఊహే రాలేదట. ఆంటీ ఉన్నన్నాళ్ళూ కాకికి అన్నం ముద్దే పెట్టేది. ఆవిడ పోయాక ఈయన అదే చేస్తుంటే, మెతుకులు జారి మరకలవుతున్నాయని మా కింది అంతస్తుల వాళ్ళెవరో కంప్లైంట్ ఇచ్చారు. కాయలైతే మరక కాదు కదా అని మొదలెట్టారు. పాప సంగతి తెలుసు కాబట్టి సంచి బాల్కనీలోనే మూతపెట్టి ఉంచేవారు, ప్రతిసారీ చేతులు కడుక్కునేవారు, ఆ బట్టలతో మా ఇంటికి వచ్చేవారు కాదు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నారు, కాకికి రెక్కలుంటాయన్నది తప్ప.

కోపం నాలో ఇంకా ఉడుకుతూనే ఉంది, ఆ మొహం చూసి దాన్ని ఏం చేసుకోవాలో తెలీలేదు. ఆయనే అన్నారు. "ఆ ముందు వచ్చే కాకి మీ ఆంటీ అనుకుంటున్నానమ్మా నేను. పాపని ఎత్తుకుని తిప్పిన మనిషి. అదే తీసుకెళ్ళి దానికి ఇచ్చిందా?"

ఏం చెప్పను? అవునంటే చంపినట్టు, కాదంటే ఆయనకి మిగిలిన ఆ కాకిని కూడా లాక్కున్నట్టు. ఇద్దరం ఏడ్చాం. తర్వాత నేను సంచి మూతి కట్టి, చేతులకి తొడుగులేసుకుని, కిందికి తీసుకెళ్ళి డబ్బాలో పారేశాను.

ఆయనే స్కూలుకి వెళ్ళి చెప్పుకున్నారు, నేను వద్దంటున్నా వినకుండా. తప్పు నాది, కథది కాదు, టీచరుది అసలు కాదు అని ప్రిన్సిపాల్ ముందు నిలబడ్డారు. ఇక మిమ్మల్ని మళ్ళీ రానివ్వరేమో అంకుల్ అంటే, రానివ్వకపోతే మానె, కథల్ని రానిస్తే చాలన్నారు. కథలు మళ్ళీ మొదలయ్యాయి, తిండి సంగతి మాత్రం ముందే టీచరుకి చెప్పాలని షరతు పెట్టి. మా ఇంటికొచ్చి పాప ముందు నేలమీద కూర్చుని, నువ్వు చెప్పేదాకా కాకికి మెతుకు కూడా పెట్టనని మాటిచ్చారు. పాప నా వెనక దాక్కుని తలూపింది. ఆ రోజునుంచి కాకులు వచ్చి పిట్టగోడ మీద అరిచి అరిచి పోయేవి. ఆయన బాల్కనీ తలుపు మూసుకుని టీవీ సౌండ్ పెంచుకునేవారు. మా ఇంట్లోకి వినపడేది.

జనవరిలో ఆంటీ ఆబ్దికం వచ్చింది. మా బుద్ధికి తోచినట్టు చేద్దామని ఆ రోజు వంట నేనే చేసి, పాపని వెంటబెట్టుకుని పైకి తీసుకెళ్ళాను. పప్పు, అరటికాయ వేపుడు, గారెలు, పరమాన్నం. అంకుల్ ఆంటీ ఫోటో ముందు దీపం పెట్టి, విస్తరాకు బదులు స్టీలు పళ్ళెంలో అన్నీ వడ్డించి, పప్పూ నెయ్యీ కలిపి ముద్ద కట్టారు. కట్టి, చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. బయట పిట్టగోడ మీద ఒక్క కాకి కూర్చుని ఉంది, అరవకుండా. బిల్డింగ్ రూల్సు ఒప్పుకోవని నాకూ తెలుసు, ఏడాదికి ఒక్క ముద్ద, నేనే తుడుస్తాననుకున్నా. ఆయన నా వైపు చూడలేదు. పాప వైపు చూశారు, అడగలేదు. మాటిచ్చిన మనిషి అడగడు. ముద్ద పళ్ళెంలో పెట్టేయబోయారు.

పాప నా కొంగు వదిలింది. అద్దం తలుపు దాకా వెళ్ళి, కాస్త ఇవతలే ఆగి, కాకినే చూస్తూ నిలబడింది. ఎంతసేపో. నాకు దాని వీపే కనపడుతోంది, ఎక్కడ ఏడుస్తుందోనని ఒక అడుగు ముందుకేశాను. అది ఏడవలేదు. వెనక్కి తిరిగి అంకుల్ దగ్గరికొచ్చి, ముద్దలోకి తొంగిచూసింది.

"తాతగారూ, ఇందులో పల్లీలున్నాయా?"

ఎందుకడుగుతోందో ఆయనకి అర్థం కాలేదు. లేవమ్మా, మీ అమ్మ వండింది, లేవు అన్నారు.

"దానికి కూడా పడవు," అంది పాప, కాకిని చూపిస్తూ, వచ్చీరాని తెలుగులో. "అందుకే తినలేదు. దాచేసింది."

పాప రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని బాల్కనీ తలుపు పక్కకి జరిపింది. చలిగాలి లోపలికొచ్చింది. పెట్టండి తాతగారూ, అంది.